పుట్టినరోజు పాటే ఆధారం

ఎల్నా వెన్నగిన్నె తెచ్చి అన్నగారి ముందు పెట్టింది. మొగుడి ముందు పెట్టలేదు.

నాలుగు రోజులుగా ఇదే వరస. కాఫీ పోస్తుంది, కప్పు నిండా పోయదు. రై రొట్టె కోస్తుంది, ఎండిన అంచుముక్క ఇస్తుంది. మాట మాత్రం లేదు. ఐనార్ కూడా మాటకారి కాడు గనక, భార్య తనతో మాట్లాడటం మానేసిందన్న సంగతి తెలియడానికే అతనికి ఒక రోజు పట్టింది.

"మళ్ళీ చదవనా?" అన్నాడు వాల్డెమార్.

ఎవరూ చదవమనలేదు. ఎనభై ఏళ్ళ వాల్డెమార్ కళ్ళజోడు సర్దుకుని, శనివారం నాటి 'ఫ్యోర్డ్ వార్త' మడత విప్పాడు. తన ఇంటికప్పు గడ్డి మారుస్తున్నారని మూడు వారాలుగా చెల్లెలింట్లో ఉంటున్నాడు. ఆ పేపరు మడతల దగ్గర అప్పుడే చిరుగులు పట్టింది.

"'పంతొమ్మిది వందల అరవై నాలుగు నవంబరు తుఫానులో, కట్టుతాళ్ళు తెంచుకుని రాతిగట్టు మీదికి కొట్టుకుపోతున్న సోఫీ లాంచీలోని ముప్పై ఒక్కమందిని కాపాడిన వీరుడు మన ట్రానెహావన్ వాడే. నడుముకు తాడు కట్టుకుని డెబ్భై మీటర్లు ఈదిన ఆ యువకుడు వాల్డెమార్ డాల్ అని విజ్ఞాన సర్వస్వం పేర్కొంటోంది.' పేర్కొంటోంది! చూశావా బావా, ఎంత మర్యాదగా రాశారో."

ఐనార్ రొట్టె నమిలాడు.

"రేడియో వాళ్ళు కూడా ఫోను చేశారు నిన్న. ఏం చెప్పాలో తెలీక, అలలు చర్చి గోడెత్తున్నాయని చెప్పా."

"సోమవారం కిటికీ ఎత్తేగా?" అన్నాడు ఐనార్.

"రేడియోలో కిటికీ అంటే ఎవరికి ఆనుతుంది?"

ఎల్నా రొట్టె కోసే చాకు ఆపింది. "అన్నయ్యా, నీళ్ళు చల్లగా ఉన్నాయా ఆ రోజు?"

వాల్డెమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. "గుర్తులేదమ్మా. వీరావేశంలో ఉన్నాను కదా."

"గుర్తుండాల్సిందే," అంది ఎల్నా. చాకు కిందపెట్టి, కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు లాక్కుని, రోజూ వెళ్ళినట్టే సముద్రస్నానానికి వెళ్ళిపోయింది. డెబ్భై అయిదేళ్ళ మనిషి. బయట నవంబరు చలి. తలుపు మాత్రం ఎప్పుడూ లేనంత గట్టిగా వేసింది. గోడమీది పళ్ళేలు మోగాయి.

ఐనార్ గొంతు సవరించుకున్నాడు. "నీకు ఈత రాదు బావా."

"ఇప్పుడు రాదు."

"ఎప్పుడూ రాదు. మోకాలు దాటిన నీళ్ళలో నిన్ను చూసినవాడు లేడు."

"నేనేమైనా చెప్పానా ఈదానని? వాళ్ళు రాశారు. నేను కాదనలేదు, అంతే." వాల్డెమార్ వెన్నగిన్నె తనవైపు మరింత లాక్కున్నాడు. "అసలు మొదలెట్టింది ఎవరు? నా ఎనభయ్యో పుట్టినరోజుకి పాట రాసింది నువ్వా, నేనా?"

అదీ నిజమే. ట్రానెహావన్‌లో పుట్టినరోజు భోజనమంటే ఇంట్లో రాసిన పాట ఉండాల్సిందే. అందరికీ తెలిసిన వరసలో, పుట్టినరోజు మనిషి చేయని ఘనకార్యాలన్నీ చేసినట్టు రాసి, అచ్చేసి, పళ్ళెం పక్కన పెడతారు. పిల్లికి భయపడేవాడు పులిని చంపినట్టు రాస్తేనే నవ్వు. బల్లల దగ్గర నలభై ఆరుగురు పాడారు. ఈతరాని వాల్డెమార్ లాంచీని కాపాడిన చరణం వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది ఎల్నాయే.

ఎందుకంటే ఆ రాత్రి తాడు కట్టుకుని దూకింది ఎల్నా.

పదిహేడేళ్ళ పిల్ల. హెర్రింగు చేపలకు పొగపెట్టే కొట్టంలో పని. పావడా మీద దూకింది. సోఫీ మీద ఇరవై ఏళ్ళ ఐనార్ ఇంజను గదిలోంచి పైకొచ్చి, చీకట్లో తాడుతో పాటు ఒక చెయ్యి కూడా అందుకుని పైకి లాగాడు. ఆమె పళ్ళు టకటకలాడుతుండగా మొదట అన్న మాట: "మా నాన్నకి తెలిస్తే తోలు వలుస్తాడు. నువ్వెవర్నీ చూడలేదు." ఆయన ప్రార్థనా మందిరానికి పెద్ద. ఆడపిల్ల మోచేయి కనిపిస్తేనే ఉపవాసం చేసే మనిషి. ఐనార్ ఎవర్నీ చూడలేదన్నాడు. రెండేళ్ళకు ఆ చూడని మనిషినే పెళ్ళి చేసుకున్నాడు. ఊరివాళ్ళకు తెలిసింది ఒక్కటే: ఎవడో కుర్రాడు, చీకట్లో, పేరు చెప్పకుండా పోయాడు.

సంగతి తెలిసిన మూడో మనిషి వాల్డెమార్. గట్టు మీద చెల్లెలి కోటు, తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

"బావా, శనివారం గట్టు మీద బోర్డు పెడుతున్నారు," అన్నాడు ఐనార్. "మేయరమ్మ వస్తుంది. నీ పేరు ఇత్తడి మీద చెక్కిస్తున్నారు. కాదని చెప్పు."

వాల్డెమార్ అరచెయ్యి బల్లమీద పెట్టి అటూ ఇటూ రుద్దాడు. అరచేతికి అడ్డంగా పాత తెల్లని గీత ఒకటుంది.

"నలభై ఏళ్ళు కస్టమ్స్ ఆఫీసులో రసీదుల మీద ముద్రలు కొట్టాను," అన్నాడు చివరికి. "రిటైరైన రోజున నా పేరు తప్పు రాసిన కేకు తెచ్చారు. ఈ నాలుగు రోజులుగా రొట్టెల కొట్టు పిల్ల నన్ను చూసి లేచి నిలబడుతోంది. ఒక్క శనివారం నాకు వదిలేయ్ బావా."

ఐనార్ టోపీ పెట్టుకుని లేచాడు.

*

'ఫ్యోర్డ్ వార్త' ఆఫీసు రొట్టెల కొట్టు పైన రెండు గదుల్లో ఉంది. ఆ వార్త రాసిన సిసెల్ అనే అమ్మాయి అతన్ని చూడగానే కుర్చీ లాగింది.

"రండి ఐనార్ గారూ! వీరుడి బావగారు! ఏమైనా పాత ఫోటో తెచ్చారా?"

"తప్పు," అన్నాడు ఐనార్.

"ఫోటోనా?"

"వార్త. దూకింది వాల్డెమార్ కాదు."

సిసెల్ పెన్ను తీసింది. "ఎవరు మరి?"

ఐనార్‌కు యాభై ఎనిమిదేళ్ళ మాట నాలుక మీదికొచ్చి ఆగింది. ఎవరికిచ్చిన మాటో వాళ్ళని అడక్కుండా విప్పడమెలా? అసలు వాళ్ళు మాట్లాడితేగా అడగడానికి?

"వాల్డెమార్ మాత్రం కాదు. ఆ సంగతి నేనే పాటలో రాశాను. వేళాకోళానికి."

"మేం పాట నుంచి తీసుకోలేదండీ," అంది సిసెల్ కొంచెం నొచ్చుకుని. "విజ్ఞాన సర్వస్వం చూసి రాశాం. ఇంటర్నెట్‌లో లోకమంతా కలిసి రాస్తారు దాన్ని. వేలమంది చూస్తుంటారు. తప్పుంటే ఉండనిస్తారా?"

"వాల్డెమార్‌ని అడగలేదా?"

"అడిగాను. 'నా నోటితో నేనెలా చెప్పుకోను' అన్నారు. ఎంత వినయం!"

ఐనార్ టోపీ చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.

"ఒక పని చేయండి," అంది ఆమె, "ముందు సర్వస్వంలో దిద్దించండి. అక్కడ మారితే దాన్ని చూపించి మేం సవరణ వేస్తాం."

*

సర్వస్వంలో ట్రానెహావన్ గురించి రాసేది ఓలుఫ్ మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక లైబ్రరీలో కిటికీ పక్క కంప్యూటరు ఆయన సొంతమైపోయింది. ఊళ్ళోని ప్రతి రాయి గురించీ రాశాడు. పుట్టినరోజు భోజనంలో నలభై ఆరో మనిషి కూడా ఆయనే.

"నువ్వు పాడావుగా మాస్టారూ! అది వేళాకోళమని నీకు తెలీదా?"

"పులిని చంపాడంటే వేళాకోళమని తెలుసు. లాంచీ సంగతి ఎలా తెలుస్తుంది? లాంచీ కొట్టుకుపోయిన మాట నిజం, ఎవడో దూకిన మాట నిజం. యాభై ఏళ్ళుగా ఊరంతా ఎవడా అని వెతుకుతోంది. అచ్చేసిన కాగితం మీద పేరు దొరికింది." ఓలుఫ్ మాస్టారు సొరుగులోంచి ఆ పాట కాగితం తీశాడు. పారదర్శకమైన కవరులో పెట్టి దాచాడు. "వాక్యం చివర చిన్న అంకె వేసి, అడుగున దీన్నే ఆధారంగా చూపించా."

"పుట్టినరోజు పాటనా?"

"ఎక్కడో ఉండి సర్వస్వంలో తప్పులు పట్టే ఒకాయన ఇది చాలదని పట్టుబట్టాడు. సరిగ్గా అప్పుడే పేపర్లో వచ్చింది. పాట తీసేసి పేపరు పెట్టా. ఇప్పుడు రాయిలా ఉంది."

ఐనార్ కాసేపు లెక్క వేసుకున్నాడు. "పేపరు వాళ్ళు దీన్ని చూసి రాశారు."

"ఊఁ."

"ఇది పేపర్ని చూసి నిలబడింది."

"ఊఁ," అన్నాడు మాస్టారు, ఈసారి కొంచెం మెల్లగా.

"మరి నేను చెబుతున్నా కదా, తప్పని! తాడు అందుకున్న చేతులివి!"

"చేతులు అచ్చు కాదు ఐనార్. నువ్వు వచ్చి చెబితే నేను నమ్ముతాను. సర్వస్వం నమ్మదు. మనిషి నోటిమాట అక్కడ చెల్లదు, ఎక్కడో ఒకచోట ముద్రించి ఉండాలి. కావాలంటే నువ్వే తీసేసి చూడు."

ఐనార్ చూపుడువేలితో ఒక్కొక్క మీటా నొక్కి ఆ వాక్యం తీసేశాడు. చెమట తుడుచుకున్నాడు. కాఫీ తెచ్చుకునేలోపు వాక్యం మళ్ళీ అక్కడే ఉంది. కింద ఒక మాట కూడా ఉంది: ఆధారమున్న సమాచారాన్ని పాడుచేయవద్దు, ఇది మొదటి హెచ్చరిక.

డెబ్భై ఎనిమిదేళ్ళలో ఐనార్‌కు అదే మొదటి హెచ్చరిక.

"పాడు చేసేవాడినట!" అన్నాడు.

"ఆయన ఎవరో, ఎక్కడుంటాడో కూడా తెలీదు," అన్నాడు ఓలుఫ్ మాస్టారు జాలిగా. "పట్టుదల మనిషి. అబద్ధం ఏ దారిన వెళ్ళిందో నిజం కూడా ఆ దారినే పోవాలి. వేరే తలుపు లేదు."

*

ఇంటికొచ్చేసరికి ఎల్నా వంటింట్లో హెర్రింగులు శుభ్రం చేస్తోంది. వాల్డెమార్ మంగలి దగ్గరికి వెళ్ళాడు, శనివారం కోసం.

ఐనార్ గడప దగ్గర నిలబడి, "పేపరు వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చా," అన్నాడు.

ఎల్నా చేప పొట్ట చీల్చింది. చేపతోనే అంది: "విన్నావుటే, వెళ్ళొచ్చాడట."

"నువ్వు ఆ పాటకి నవ్వావు కదా."

"పాటకి నవ్వానే," అంది చేపతో. "అన్నయ్య చెయ్యనిది చేసినట్టు పాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. అదే సంగతి అబద్ధమని ఎరిగిన ఇద్దరు మగాళ్ళు నా బల్ల దగ్గర కూచుని పేపరు చదువుకుంటుంటే నవ్వు రాదు."

"నువ్వేగా ఎవరికీ చెప్పద్దన్నావు?"

ఎల్నా ఆ చేపను పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. దీనికి చెప్పాల్సింది మరింత ఉన్నట్టుంది.

"పదిహేడేళ్ళ పిల్ల తండ్రికి భయపడి చెప్పద్దంది. ఆ తండ్రి పోయి నలభై ఏళ్ళయింది. ఇంకా నోరు విప్పని మనిషిని ఏమంటారే?"

చేప జవాబు చెప్పలేదు. ఐనారూ చెప్పలేదు.

కాసేపటికి పెరట్లోని పనిముట్ల కొట్టంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. సుత్తి చప్పుడు లేదు, రంపం చప్పుడు లేదు. గురువారం కూడా అక్కడే గడిపాడు. భోజనానికి వచ్చినప్పుడు వేళ్ళకు సిరా ఉంది. పెదవులు కదులుతున్నాయి. నాలుగు వేళ్ళతో బల్ల మీద ఏదో తాళం వేస్తున్నాడు.

"బావకి బాగున్నట్టు లేదు," అన్నాడు వాల్డెమార్.

శుక్రవారం ఐనార్ లైబ్రరీకి వెళ్ళి రెండు వందల కాగితాలు తీయించుకున్నాడు. అడుగున వేయాల్సినవి ఓలుఫ్ మాస్టారు దగ్గరుండి వేయించాడు: రాసినవారు ఐనార్ హోల్మ్, ముద్రణ ట్రానెహావన్ లైబ్రరీ, తేదీ.

"వేడుకలో పాడిన పాటని పేపరు వాళ్ళు పూర్తిగా వేస్తారు కదా?" అని అడిగాడు ఐనార్.

"ఎప్పుడూ వేస్తారు." మాస్టారు కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చివరి చరణం దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు తీసి, ముక్కు చీదుకున్నాడు. "ఎల్నాకి తెలుసా?"

"మాట్లాడటంలేదు."

"దేవుడా," అన్నాడు మాస్టారు.

*

శనివారం మధ్యాహ్నానికి గట్టు మీద ఊరంతా ఉంది. పాత సోఫీకి రంగు వేసి డెబ్భై మీటర్ల దూరంలో లంగరేశారు. బోర్డు మీద తెరచాప గుడ్డ కప్పారు, దాని తాడు మేయరమ్మ చేతిలో ఉంది. బ్యాండు వాళ్ళ ముక్కులు చలికి ఎర్రబడ్డాయి.

వాల్డెమార్ కొత్త క్షవరంతో ముందువరుసలో నిలబడ్డాడు. పక్కన ఎల్నా, కోటు గుండీలు గొంతుదాకా పెట్టుకుని, గోడలా ఉంది. ఐనార్ కాగితాలు పంచుకుంటూ వచ్చాడు. బావగారికిచ్చాడు. భార్యకీ ఇచ్చాడు. ఆమె అతని వైపు చూడకుండా తీసుకుంది.

"నా మీద ఇంకో పాటా!" అన్నాడు వాల్డెమార్, కళ్ళు చెమ్మగిల్లి. "బావా, నువ్వు బంగారానివి."

ఐనార్ బూట్ల వైపు చూసుకున్నాడు.

పాట కాగితం చేతికొస్తే కింది చరణాలు ముందే చదవడం ఆ ఊళ్ళో అమర్యాద. మొదలుపెట్టిన పాటను మధ్యలో ఆపడం అంతకంటే అమర్యాద. బ్యాండు పాత నావికుల వరస ఎత్తుకుంది. రెండువందల మంది గొంతులు కలిశాయి. మొదటి చరణంలో తుఫాను వచ్చింది. రెండో చరణంలో సోఫీ తాళ్ళు తెగాయి. మూడో చరణంలో ముప్పై ఒక్కమందీ దేవుణ్ణి పిలిచారు. అందరికంటే గట్టిగా పాడుతున్నది వాల్డెమారే. ఒక చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు.

ఎల్నా పెదవులు కదలడంలేదు. ఆమె ఏ పాటనైనా చివర్నుంచే చదువుతుంది. పెళ్ళయినప్పట్నుంచీ ఐనార్ ఈ అమర్యాద గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడామె కళ్ళు కాగితం అడుగున ఆగిపోయి ఉన్నాయి.

నాలుగో చరణం మొదలైంది.

"దూకినవాడు మగాడు కాడు, తప్పు రాశారండి!
చేపలు గుచ్చే పదిహేడేళ్ళ చిన్నది ఎల్నా అండి!"

ఎల్నా పేరు దగ్గర వాల్డెమార్ గొంతు ఆగిపోయింది. మిగతా ఊరు ఆగలేదు. ఏం పాడుతున్నామో అర్థమయ్యేలోపే వరస వాళ్ళను లాక్కుపోయింది.

"అరచేతులు చీరినా తాడు అన్న వదల్లేదండి,
పైకి లాగిన చేతుల్ని ఆమె మళ్ళీ వదల్లేదండి!"

బ్యాండు ఒక్కటే ఇంకో రెండు పంక్తులు వాయించి, ఎవరూ తోడు రాకపోయేసరికి సిగ్గుపడి ఆగింది.

మేయరమ్మ చేతిలో తాడు అలాగే ఉంది. లాగాలో వద్దో తెలియక ఓలుఫ్ మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఆకాశం వైపు చూశాడు. వాల్డెమార్ తన అరచేతిలోని తెల్లగీతను, ఎవరో ఇప్పుడే అక్కడ గీసినట్టు చూసుకుంటున్నాడు.

సిసెల్ మూకను తోసుకుంటూ ముందుకొచ్చింది. ఒక చేతిలో పాట, ఇంకో చేతిలో పెన్ను. మొహం పాలిపోయింది.

"ఐనార్ గారూ, పాట చాలా బాగుంది. కానీ మొన్న మా పేపర్లో... అంటే... దీనికి ఆధారం ఏమిటండీ?"

ఐనార్ నోరు తెరిచాడు. రెండు రోజులు కూర్చుని పదహారు పంక్తులు రాసేసరికి ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

"ఆధారం కావాలా తల్లీ?" అంది ఎల్నా.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సిసెల్ చేతిలో పెట్టింది. కోటు పై గుండీ విప్పింది. తర్వాతది విప్పింది. కిందికి వంగి బూటు తాళ్ళు లాగింది.

"ఎల్నా గారూ!" అంది మేయరమ్మ. "నీళ్ళు నాలుగు డిగ్రీలు కూడా లేవు!"

"పొద్దున మూడున్నర," అంది ఎల్నా, రెండో బూటు తీస్తూ.

వాల్డెమార్ ఎవరూ చెప్పకుండానే చెల్లెలి వెనక్కి వెళ్ళి, భుజాల మీంచి జారుతున్న కోటును రెండు చేతులతో అందుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ కింద పట్టుకున్నట్టే మడిచి చంకన పెట్టుకున్నాడు. రెండో చెయ్యి దేనికోసమో చాపి, ఖాళీగా ఉంచాడు.

ఎల్నా గట్టు అంచుకు నడిచింది. దూరాన సోఫీ మెల్లగా ఊగుతోంది. ఆమె వెనక్కి తిరిగి, వారం రోజుల్లో మొదటిసారి మొగుడి కళ్ళలోకి చూసింది.

"గుడ్లప్పగించి చూస్తావేం?" అంది. "తాడేది?"